ఉద్యోగం మానకుండా మేనేజ్‌మెంట్ చదువు ఎలా వచ్చింది?

1961లో కలకత్తా, అహ్మదాబాద్‌లలో మేనేజ్‌మెంట్ చదువు చెప్పే ఐఐఎంలు వెలిశాయి. కర్మాగారాలు, బ్యాంకులు పెరుగుతున్న దేశానికి శిక్షణ పొందిన మేనేజర్లు కావాలి. కానీ ఆ తరగతి గదుల్లో కూర్చోగలిగింది కొద్దిమందే. షిఫ్టులో పనిచేసే సూపర్‌వైజరు, బ్యాంకు గుమాస్తా, ఇల్లు వదిలి రాలేని గృహిణి రెండేళ్లు హాస్టల్లో ఉండి ఎలా చదువుతారు? తెలివి ఉన్నా తీరిక, డబ్బు లేనివారికి ఆ చదువు అందలేదు.

ఈ చిక్కు విడిపోయే దారి బ్రిటన్‌లో కనిపించింది. రేడియో, టీవీల సాయంతో నడిచే విశ్వవిద్యాలయం కావాలని 1963లో, ప్రతిపక్ష నాయకుడిగా ఉన్న హెరాల్డ్ విల్సన్ గ్లాస్గో సభలో అన్నారు. ఆయన ప్రధాని అయ్యాక ఆ బాధ్యతను బొగ్గుగని కార్మికుడి కూతురు, మంత్రి జెన్నీ లీ తలకెత్తుకున్నారు. పేదలకని చెప్పి నాసిరకం చదువు ఇవ్వకూడదని ఆమె పట్టుబట్టారు. 1969లో ఓపెన్ యూనివర్సిటీ ఏర్పడింది, 1971లో చదువులు మొదలయ్యాయి. పాఠ్యపుస్తకాలు పోస్టులో వచ్చేవి, బీబీసీ పాఠాలు ప్రసారం చేసేది. సందేహాలు తీర్చడానికి ట్యూటర్లు ఉండేవారు, వేసవిలో కొద్దిరోజులు ముఖాముఖి తరగతులు జరిగేవి. దూరం నుంచి చెప్పే పాఠాలను, ముఖాముఖి తరగతులను కలిపే నేటి హైబ్రిడ్ బోధనకు గట్టి పునాదుల్లో ఇదొకటి.

ఆ నమూనా తెలుగునేలకు త్వరగానే చేరింది. భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉండగా, 1982 ఆగస్టులో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో ఇదే మొదటిది, నేటి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇదే. కరీంనగర్ జిల్లాలో పుట్టి, ఉస్మానియా ఉపకులపతిగా పనిచేసిన ఆచార్య జి. రాంరెడ్డి దీనికి తొలి ఉపకులపతి. ఇంటర్ చదవనివారు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చన్నారు. పాఠాలు తెలుగులో రాయించారు, ఆకాశవాణిలో వినిపించారు. ఊళ్లలో ఉన్న కాలేజీలనే స్టడీ సెంటర్లుగా మార్చి, సెలవు రోజుల్లో కాంటాక్ట్ క్లాసులు పెట్టారు.

1985లో పార్లమెంటు చట్టంతో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) ఏర్పడినప్పుడు తొలి ఉపకులపతి బాధ్యత కూడా రాంరెడ్డికే దక్కింది. 1987లో ఇగ్నో రెండే కోర్సులతో, 4,528 మంది విద్యార్థులతో బోధన ప్రారంభించింది. ఆ రెండింటిలో ఒకటి డిప్లొమా ఇన్ మేనేజ్‌మెంట్. పగలు ఆఫీసులో ఎదురైన సమస్యను రాత్రి పాఠంలో వెతుక్కునే అవకాశం ఉద్యోగులకు అలా దొరికింది.

తరువాత సాధనాలు మారుతూ వచ్చాయి. 2000లో జ్ఞానదర్శన్ టీవీ చానెల్, 2017లో ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ వచ్చాయి. 2020లో కొవిడ్ వచ్చి పెద్దపెద్ద బిజినెస్ స్కూళ్లను కూడా తెర మీదికి నెట్టింది. అంతకు ముందే, 2007లో ఐక్యరాజ్యసమితి చొరవతో బాధ్యతాయుత మేనేజ్‌మెంట్ విద్యకు ఆరు సూత్రాలు రూపొందాయి. దాంతో సామాజిక బాధ్యత బిజినెస్ స్కూళ్ల సిలబస్‌లోకి గట్టిగా ప్రవేశించింది.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. కంపెనీ సమాజానికి ఏమిచ్చిందని విద్యార్థిని అడిగే బిజినెస్ స్కూలు ముందు తనను తాను ఆ ప్రశ్న వేసుకోవాలి. హైబ్రిడ్ బోధన పుట్టింది చదువుకు దూరమైనవారిని దగ్గర చేయడానికి. దాన్ని లక్షల ఫీజుల ఎగ్జిక్యూటివ్ కోర్సులకే పరిమితం చేస్తే ఆ ఉద్దేశమే దెబ్బతింటుంది. చిన్న పట్టణాల ఉద్యోగికి, డ్వాక్రా సంఘం లెక్కలు చూసే మహిళకు, కుటుంబ వ్యాపారం నడిపే యువకుడికి అందుబాటు ఫీజుతో, తెలుగులో కూడా మేనేజ్‌మెంట్ పాఠాలు చేరాలి. తెరమీది క్లాసుకు తోడుగా దగ్గర్లో ఒక కేంద్రం, పలకరించే గురువు ఉండాలి. మన బిజినెస్ స్కూళ్లు సామాజిక బాధ్యతను అక్కడి నుంచే మొదలుపెట్టాలి.