మన సంఘములు – మన చిత్రకారులు



శతాబ్ది సంచిక అనగానే మొదటి మిషనెరీల పేర్లు, కాపరుల వరుస, గుడి శంకుస్థాపన జరిగిన సంవత్సరము, గంటను దానము చేసిన కుటుంబము మనకు గుర్తుకు వస్తాయి. ఇవన్నీ ఉండవలసినవే. అయితే క్రిస్మసు నాటకమునకు తెర వ్రాసిన వాని పేరు, సండేస్కూలు గోడమీద మంచి కాపరి బొమ్మ వేసిన వాని పేరు, బలిపీఠము మీది సిలువను చెక్కిన వడ్రంగి పేరు ఎన్ని సంఘ పుస్తకములలో కనబడతాయి? చందా అర్ధరూపాయి ఇచ్చిన వారి పేరు ఉంటుంది. చేతిపని ఇచ్చిన వారి పేరు ఉండదు.

లేఖనములు ఈ విషయములో మనకంటె జాగ్రత్తగా ఉన్నాయి. నిర్గమకాండములో ప్రత్యక్షపు గుడారము పని చేసిన బెసలేలు పేరు, అతని తండ్రి పేరు, యూదా గోత్రము అన్నీ వ్రాయబడి ఉన్నాయి. అతనికి తోడుగా నిలిచిన దాను గోత్రికుడు అహోలీయాబు పేరు కూడా ఉన్నది. పనివాని పేరు వ్రాయడము మోషే కాలములో చిన్నతనము కాకపోతే మన కాలములో ఎందుకు కావాలి?

మన ప్రొటెస్టెంటు సంఘములలో బొమ్మ అంటే కొంత జంకు ఉన్నది. దానికి కారణము లేకపోలేదు. 1842 జూలై 31న హయ్యరు దొర గుంటూరు చేరిన నాటి నుండి ఈ ప్రాంతములో ప్రభువును నమ్ముకొన్న పెద్దలు విగ్రహములను విడిచి వచ్చినవారు. గుడిలో మళ్లీ బొమ్మ పెడితే మొక్కు మొదలవుతుందేమోనని వారు భయపడ్డారు. అయితే ఆ హయ్యరు దొర లూథరను. ఆ లూథరు పేర వెలసిన సంఘ చరిత్రలోనే ఈ ప్రశ్న ముందుగా వచ్చింది. 1522లో విట్టెన్‌బర్గులో కొందరు గుడిలోని బొమ్మలను పగులగొట్టబోగా, లూథరు దాగి ఉన్న కోట విడిచి వచ్చి వరుసగా ప్రసంగములు చేసి ఆ అల్లరిని ఆపాడు. బొమ్మను పూజించడము వేరు, బొమ్మను చూచి నేర్చుకొనడము వేరు అన్నది ఆయన ఎంచిన దారి. అదే ఊరి గుడిలో 1547లో నిలిపిన బలిపీఠపు చిత్రమును వేసిన లూకాసు క్రానాకు దూరదేశపు వాడు కాదు. ఆ ఊరిలోనే కాపురముండి, మందుల కొట్టు నడిపి, పురాధ్యక్షుడుగా కూడా పనిచేసినవాడు. ఆ చిత్రములో సిలువ వేయబడిన క్రీస్తును వేలు చూపించి లూథరు బోధిస్తూ ఉంటే, ఎదుట కూర్చుని వింటున్నది ఆ ఊరి సంఘము. స్థానిక చిత్రకారుడు స్థానిక సంఘమునకు ఇచ్చిన కానుక అది.

మన తెలుగుదేశములో ఏమి జరిగింది? మెదకు మహాదేవాలయము 1924లో ప్రతిష్ఠ జరిగింది. అందులోని రంగు అద్దాల కిటికీలను రూపొందించినవాడు ఫ్రాంక్ సాలిస్బరీ అనే ఇంగ్లీషు చిత్రకారుడు. అవి ఎంతో అందమైనవి. అయితే ఆ చేయి మన ఊరిది కాదు. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకలు దేవాలయములో బిషపు అజరయ్యగారు మరొక దారి చూపించారు. గుడి స్తంభముల పోలిక, మసీదు గుమ్మటముల పోలిక ఒకచోట చేర్చి, ఈ నేలమీద పుట్టిన ఇల్లుగా దానిని కట్టించారు.

ఆ దారిని గోడల నుండి బొమ్మలలోనికి తెచ్చినవారు మన లూథరను గురువు, చిత్రకారుడు పులిదిండి సాలొమోన్ రాజుగారు. 1921లో జన్మించి 2019లో ప్రభువునందు నిద్రించారు. దేవదాసు అయ్యగారి బైబిలు మిషను మీద ఆయన చేసిన పరిశోధన 1986లో పుస్తకముగా వచ్చింది. విజయవాడలో సెయింట్ లూక్స్ లలితకళా ఆశ్రమము పేరిట ఆయన పని సాగింది. సువార్తికుడైన లూకా చిత్రకారుడని పూర్వపు సంఘ సంప్రదాయము; ఆ పేరు అందుకే తగినది.

ఆయన ఎన్నుకొన్న పనిముట్లు రెండు. ఒకటి బాతిక్: కరిగిన మైనము గుడ్డమీద పెట్టి, రంగులో ముంచి, తరువాత మైనము తీసివేస్తారు. మైనము పగిలిన చోట రంగు సన్నని గీతలుగా దిగుతుంది. రెండవది కొయ్య అచ్చు: పలకమీద చెక్కి, సిరా పూసి, కాగితము మీద అదుముతారు. ఒక పలక నుండి అనేక ప్రతులు వస్తాయి గనుక బీద సంఘము కూడా ఒక ప్రతి గోడకు పెట్టుకొనవచ్చు. లూకా సువార్తలోని విమోచన అంశము మీద ఆయన అలాంటి అచ్చులు చేశారు. ఆయన బొమ్మలలో ప్రభువు బీదవారి మధ్య, దిక్కులేనివారి మధ్య మన దేశస్థుని పోలికతోనే కనబడతాడు. వాటిని విదేశములలోని సంఘములు పిలిచి ప్రదర్శించాయి. 1978లో ఏర్పడిన ఆసియా క్రైస్తవ కళా సంఘము వంటివి ఈ రకపు పనికి ఖండమంతటా గుర్తింపు తెచ్చాయి. అక్కడివారు పిలిచి చూచినది మన విజయవాడ చిత్రమును. మన సంఘములలో ఎన్ని దానిని ఒక్క నెల గోడకు పెట్టాయి?

బొమ్మను ఒకచోట మేకు కొట్టి వదిలివేయడము మన దేశాచారము కూడా కాదు. చేర్యాల నకాషీలు గజములకొద్దీ పొడవైన గుడ్డమీద కథ వ్రాసి ఇస్తే, కథకులు దానిని చుట్టగా చుట్టి ఊరూర విప్పి చెప్పేవారు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు వెదురు కలముతో గుడ్డమీద క్రీస్తు చరిత్రను కూడా వ్రాశారు. చుట్టి తీసుకొనిపోవడము, విప్పి చూపడము, మళ్లీ మరొక ఊరికి పోవడము – వంతులవారీ ప్రదర్శన అంటే ఇదే. విగ్రహ భయమునకు కూడా ఇది మంచి మందు. రెండు నెలలకు మారిపోయే బొమ్మకు ఎవరూ మొక్కరు. ఇరవై ఏండ్లు కదలని బొమ్మను ఎవరూ చూడరు.

మన ప్రాంతములో చేతులకు కొదవలేదు. తెనాలి శిల్పశాలలు పేరుపొందినవి. పాత నట్లు, బోల్టులతో నిలువెత్తు బొమ్మలు నిలిపిన సూర్య శిల్పశాల సంగతి పత్రికలలో చూస్తూనే ఉన్నాము. మరొకవైపు ఫ్లెక్సీలు వచ్చిన తరువాత బోర్డులు వ్రాసే పెయింటర్ల కుంచెలు మూలపడ్డాయి. మన స్వస్థత కూటముల బోర్డులు వ్రాసినవారు వారే.

అందుచేత ఈ శతాబ్ది సంవత్సరములో ఒక చిన్న పని చేయవచ్చు. బలిపీఠము దగ్గర కాదు, సంఘపు హాలులో ఒక గోడ విడిచిపెట్టవలెను. రెండు నెలలకు ఒకరి పని. పిల్లలకైనా, పెయింటరుకైనా, కుట్టుపని చేసే అమ్మకైనా వంతు ఇవ్వవలెను. అంగలకుదురులో పెట్టినది రైలు మీద తెనాలికి, అక్కడనుండి రేపల్లెకు, బాపట్లకు పోవచ్చు. తేమ తగిలే గోడ, ఎండ పడే కిటికీ పనికిరావు. 1977 నవంబరు తుపాను తెలిసిన ప్రాంతము మనది. కాగితము, గుడ్డ ఎంతకాలము ఉంటాయో చెప్పలేము. కనుక ప్రతి బొమ్మకు ఫోటో తీసి, రిజిస్టరులో బొమ్మ పేరు, తేదీ, వేసినవారి పేరు, ఊరు వ్రాయవలెను.

ఇదంతా ఖర్చు లేని పని. ఒక గోడ, నాలుగు మేకులు, ఒక రిజిస్టరు చాలును. రెండవ శతాబ్ది సంచిక వ్రాయువారు ఆ రిజిస్టరు తెరచినప్పుడు, మన ఊరి బెసలేలుల పేర్లు అందులో ఉండవలెను.