ఛాయాచిత్రమునఁ దుపాకి సాక్ష్యము

అమెరికాదేశమున బిల్లీ ది కిడ్ అను బందిపోటు 1881వ సంవత్సరమున హతుఁడయ్యెను. అంతకు ఒకటి రెండేండ్లు ముందు తీయఁబడిన యాతని ఛాయాచిత్రమున వించెస్టరు తుపాకియు, నెడమతుంటిపైఁ బిస్తోలును గాన్పించును. దీనింబట్టి పలువు రాతఁ డెడమచేతివాటము గలవాఁడని నమ్మిరి. 1958లో నా నమ్మక మొక చలనచిత్రమునకుఁ బేరుకూడ నయ్యెను.

తుపాకిని బరీక్షించిన నీ నమ్మకము నిలువదు. 1873వ నాఁటి యా వించెస్టరు జాతికిఁ దూటాలు నింపు ద్వారము కుడివైపుననే యుండును. చిత్రమున నది యెడమవైపునఁ గనఁబడుచున్నది. కారణమేమనఁగా, ఆ చిత్రము ఇనుపరేకుపైఁ దిన్నఁగాఁ బడినది; అట్టి చిత్రము అద్దమునందలి ప్రతిబింబమువలెఁ గుడియెడమలను మార్చి చూపును. కావునఁ బిస్తోలుండినది కుడితుంటిపైననే.

ముద్రికపై నక్షరములు తిరుగఁబడి యుండుట చెక్కినవాని దోషము గాదు. ఆ విధ మెఱుఁగక చదువువానిదే దోషము. ప్రాచీనాయుధముల చిత్రములందును నదియే న్యాయము.