మూడు రంధ్రాలు, రెండు మాటలు

పోయినేడు మా పెదనాన్నకి ఊపిరితిత్తిలో గడ్డ తీయాల్సొచ్చింది. "మూడు చిన్న రంధ్రాలు, అంతే" అన్నారు డాక్టరుగారు. సంతకం పెట్టమన్న కాగితంలో మాత్రం 'అవసరమైతే ఛాతీ తెరుస్తాం' అని ఉంది. "ఇదేంట్రా, రెండు మాటలు?" అన్నారు పెదనాన్న. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రంతా కూర్చుని చదివాను.

దీన్ని మొదలెట్టింది స్వీడన్ డాక్టరు జాకోబియస్. మూత్రాశయంలోకి చూడ్డానికి వాడే గొట్టాన్ని ఛాతీలోకి కూడా పంపి చూడొచ్చని 1910లో రాశాడు. అప్పట్లో క్షయకి మందు లేదు. పక్కటెముకల మధ్యనుంచి గాలి ఎక్కించి, జబ్బుపడ్డ ఊపిరితిత్తి ముడుచుకునేలా చేసి దానికి విశ్రాంతి ఇచ్చేవాళ్ళు. అది ఛాతీ గోడకి అతుక్కుపోయుంటే ముడుచుకోదు కదా! ఆ అతుకుల్ని గొట్టంలోంచి చూస్తూ కాల్చి తెంపేవాడాయన. స్ట్రెప్టోమైసిన్ లాంటి మందులొచ్చాక ఈ విద్య దాదాపు మూలన పడింది.

మళ్ళీ లేచింది 1990ల మొదట్లో, వీడియో కెమెరా పుణ్యమా అని. కేన్సర్ వచ్చిన భాగాన్ని మొత్తంగా రంధ్రాల్లోంచే తీయడం మొదలైంది. మరి రుజువు? 1995లో అమెరికాలో 55 మంది మీద చేసిన పరిశీలనలో ఆసుపత్రిలో ఉండాల్సిన రోజుల్లో పెద్ద తేడా కనపడలేదు. అయినా వాడకం పెరుగుతూనే పోయింది. ముందు ప్రొడక్షన్, తర్వాత టెస్టింగ్ అన్నమాట (మనమేదో సుద్దపూసలమన్నట్టు!).

నాకు భలే నచ్చింది 2016లో వచ్చిన డెన్మార్క్ అధ్యయనం. మొత్తం 206 మంది. చిన్న కోతైనా పెద్ద కోతైనా అందరికీ ఒకేలాంటి కట్టు కట్టారు. ఏ ఆపరేషన్ జరిగిందో రోగికీ తెలీదు, నొప్పి ఎంతని అడిగే నర్సుకీ తెలీదు. అలా అడిగినా చిన్న కోత వాళ్ళకే నొప్పి తక్కువ. 2022లో బ్రిటన్ వాళ్ళు 9 ఆసుపత్రుల్లో 503 మందిని చూశారు. ఆసుపత్రిలో ఉండగా ఇబ్బందులొచ్చింది చిన్న కోతలో దాదాపు 33 శాతం మందికి, పెద్ద కోతలో 44 శాతం మందికి. తేడా ఉంది, నిజమే. కానీ ఆ 33 కూడా చూడండి. బయట కోత చిన్నదే, లోపల తీసేది మాత్రం అంతే.

"రెండు మాటలు కాదు పెదనాన్నా, లోపల ధమని చిట్లితే రంధ్రంలోంచి ఆపడం కష్టం, అప్పుడు తెరవాల్సిందే. తెరవనని మొండికేసే డాక్టరైతేనే మనం భయపడాలి" అన్నాను. కాసేపాలోచించి సంతకం పెట్టారు.

మూడు రంధ్రాలతోనే అయిపోయింది. ఆరో రోజు ఇంటికొచ్చారు. గట్టిగా దగ్గితే పక్కన లాగుతోందని ఇప్పటికీ అంటుంటారు.