నాట్యశాలలో వికలాంగ బాలలు

నాట్యమనగనే మనకు పాదము స్ఫురించును. కూచిపూడి తరంగమున ఇత్తడి పళ్లెరపు అంచుపై నిలిచిన పాదములను చూచి మురిసిన జాతి మనది. అందుచేతనే కాలు స్వాధీనములేని బిడ్డను నాట్యశాలకు గొనిపోవుటకు తల్లిదండ్రులును, చేర్చుకొనుటకు గురువులును సంకోచింతురు. ఈ సంకోచమునకు శాస్త్రాధారమెంత? చెన్నపురిలో దానికెట్టి సమాధానము లభించినది? ఈ రెండు ప్రశ్నలను పరిశీలింతము.

నందికేశ్వరుని అభినయదర్పణము నాట్యమునకు తగనివారిని పదివిధములుగా పేర్కొన్నది. గూనుగలవారు, మిక్కిలి పొట్టివారు, స్వరహీనులు అందు కలరు. అయితే ఆ నిషేధము సభను రంజింపజేయవలసిన నర్తకి లక్షణములను చెప్పుచోట వచ్చినది. విద్య నేర్వగోరు పసిబిడ్డలకు దానిని అన్వయించుట న్యాయము కాదు. ఆ గ్రంథమే శిరోభేదములు 9, దృష్టిభేదములు 8, గ్రీవాభేదములు 4, అసంయుతహస్తములు 28 బోధించినది. వీనిలో ఒక్కదానికిని పాదముతో పనిలేదు. క్షేత్రయ్య పదములను కూర్చుండియే అభినయించుట దక్షిణదేశమున చిరకాల సంప్రదాయము. అట్లు కూర్చుండి అభినయించిన విదుషీమణుల కళకు లోపమున్నదని ఎవరును తలపలేదు. చక్రముల కుర్చీలో కూర్చున్న బాలికకు మాత్రము ఆ విద్య ఏల అందరాదు?

ఐక్యరాజ్యసమితి 1981వ సంవత్సరమును అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరముగా ప్రకటించినది. ఆ యేడే తిరుచిరాపల్లి సమీపమున జరిగిన బస్సు ప్రమాదము వలన భరతనాట్యము నేర్చిన సుధాచంద్రన్ కుడికాలు కోల్పోయెను. రామచంద్రశర్మ అను శిల్పియు, డాక్టరు సేథీయు రూపొందించిన జైపూరు పాదము ఆమెకు ఆధారమైనది. పాదరక్షలు లేకుండ నడచుటకును, బాసిపట్టువేసి కూర్చుండుటకును వీలగునట్లు మన దేశీయుల అలవాట్లనుబట్టి చేసిన కృత్రిమపాదమది. ఆమె 1984లో మరల రంగమెక్కెను. 1985లో సింగీతము శ్రీనివాసరావుగారు ఆ వృత్తాంతమును 'మయూరి' అను తెలుగు చిత్రముగా తీయగా, ఆమెయే నాయికగా నటించి జాతీయ పురస్కారమున ప్రత్యేక గుర్తింపు పొందెను.

ఆ చిత్రమును చూచి కన్నీరు పెట్టని తెలుగువారరుదు. కాని ప్రతి బిడ్డయు కృత్రిమపాదముతో అందరివలె ఆడి గెలువవలెనని కోరుట మరియొక విధమగు నిషేధమే యగును. ఇందుకు భిన్నమైన మార్గమును చెన్నపురిలో అంబికా కామేశ్వర్ గారు చూపిరి. 1989లో వారు స్థాపించిన 'రాసా' సంస్థ నృత్యగీతములను, కథను, నాటకమును ప్రత్యేకావసరములు గల బాలల వికాసమునకు సాధనములుగా గ్రహించినది. అచట బిడ్డను కళకు తగినట్లు మలచుట కంటె, కళను బిడ్డకు అందునట్లు మలచుట ప్రధానము.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమును ఈ భావమునే అంగీకరించినది. కళావిషయముల పాఠ్యక్రమమును వికలాంగులు పాల్గొనుటకు వీలుగా పునారచింపవలెనని దాని 29వ విభాగము చెప్పుచున్నది.

కావున మన సంఘములు నడుపు నాట్యతరగతులు చేయవలసినది స్పష్టము. తరగతి మెట్లులేని చోట నుండవలెను. అడవు నేర్పునపుడు పాదముతో తట్టలేని బిడ్డ అదే జతిని చేతితో తట్టవచ్చును. హస్తమును, చూపును తక్కినవారితోపాటు అభ్యసింపవచ్చును. ప్రత్యేకముగా వేరొక తరగతి పెట్టుట కంటె అందరి నడుమ స్థానమిచ్చుట మేలు. వార్షికోత్సవమున ఆ బిడ్డను జాలికొరకు గాక, నేర్చిన పాత్రకొరకు రంగముపై నిలుపవలెను. పదమును కూర్చుండి అభినయించిన సంప్రదాయమునకు వారసులమగు మనకు ఇది క్రొత్త ధర్మము కాదు.