వాతావరణ మార్పుపై పిల్లల్లో బెంగా? మ్యూజియం ఏం చేయగలదంటే..

వరదలు, ఎండల వార్తలతో మీ ఇంట్లో టీనేజర్లు దిగులు పడుతున్నారా? గచ్చిబౌలి నుంచి ఒకరోజు సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లండి. శుక్రవారం సెలవు.

అక్కడే ఎందుకు?
అది మూసీ ఒడ్డునే ఉంది. అవతలి ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టునూ చూపించండి. 1908 సెప్టెంబరు వరదలో సుమారు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు.

ఏం చెప్పాలి?
ఆ విపత్తు తర్వాతే వరదను అడ్డుకునేందుకు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. మీకు దగ్గర్లోని గండిపేట చెరువు ఆ ఉస్మాన్‌సాగరే.

మ్యూజియంలు ఏం చేయాలి?
2025లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల పచ్చదనం కోసం విద్యార్థులు గొంతెత్తారు. అలాంటి ఫొటోలు, ప్లకార్డులు, అనుభవాలు సేకరించి ప్రదర్శిస్తే తమ మాటకూ విలువుందని పిల్లలకు నమ్మకం కలుగుతుంది.