అబ్బాయి మార్కులు – అమెరికా చట్టాలు

సావనీరుకి ఏదైనా రాయమని మిత్రులు అడిగితే, ఇంజనీరింగు తప్ప మరొకటి తెలియని నేనేం రాయగలనని మొదట సందేహించాను. కానీ నిరుడు జనవరిలో చేసిన ఒక ఫోను నన్ను లైబ్రరీ మెట్లెక్కించింది. ఈ ఏడు పిల్లల్ని కాలేజీకి పంపుతున్న కుటుంబాలు మన సంఘంలో చాలానే ఉన్నాయి కనుక, ఆ సంగతే రాస్తున్నాను.

మా పెద్దవాడు కాలేజీలో చేరి ఒక సెమిస్టరు అయింది. సెలవులకి ఇంటికొచ్చాడు గానీ, మార్కుల మాటెత్తితే "ఇంకా రాలేదు నాన్నా" అనేవాడు. రెండో సెమిస్టరు ఫీజు కట్టేసి, రిజిస్ట్రారు ఆఫీసుకి ఫోను చేశాను. అవతల ఆవిడ ఎంతో మర్యాదగా, "మీ అబ్బాయి అనుమతి లేనిదే ఆ వివరాలు మీకు చెప్పకూడదండీ" అంది. "ఫీజు కట్టింది నేనమ్మా!" అన్నాను. "చాలా సంతోషం" అంది.

నాకు కోపం వచ్చిన మాట నిజం. 1994లో నేను ఇంజనీరింగులో చేరినప్పుడు మా నాన్నగారికి ఇలాంటి మర్యాద జరగలేదు కదా అనిపించింది. ఆ సాయంత్రమంతా ఈ దేశాన్ని తిట్టాను. మా ఆవిడ కాసేపు విని, "దేశాన్ని తర్వాత తిట్టుకోవచ్చు, ముందు వాడేం దాస్తున్నాడో చూడండి" అంది. నేను మాత్రం ముందు చట్టం సంగతి చూశాను.

అమెరికా కాలేజీలు మొదటినుంచీ ఇలా లేవు. ఒకప్పుడు ఇక్కడి కాలేజీ, తల్లిదండ్రుల స్థానంలో కూర్చున్న పెద్ద. 'ఇన్ లోకో పేరెంటిస్' అనే లాటిన్ మాటకి అర్థం అదే. 1913లో కెంటకీ రాష్ట్రంలో ఒక తమాషా కేసు నడిచింది. బెరియా కాలేజీ తన విద్యార్థులు బయటి హోటళ్ళలో అడుగుపెట్టరాదని నియమం పెట్టింది. అక్కడ హోటలు నడుపుకుంటున్న గాట్ అనే ఆయన వ్యాపారం దెబ్బతిని కోర్టుకెక్కాడు, ఓడిపోయాడు. విద్యార్థుల ఆరోగ్యం, నడవడి, చదువు విషయాల్లో కాలేజీ తల్లిదండ్రులతో సమానమనీ, వాళ్ళు పెట్టగలిగిన నియమాలు కాలేజీ కూడా పెట్టవచ్చుననీ కోర్టు తేల్చింది. (ఇది చదువుతుంటే టంగుటూరి ప్రకాశం పంతులుగారి తల్లి గుర్తొచ్చింది. చిన్నతనంలోనే ఆయన తండ్రి పోతే, ఆవిడ ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని చదివించింది. కెంటకీలో పూటకూళ్ళ ఇల్లు చదువుకి చేటనుకున్నారు. ఒంగోలులో ఆ చదువుకి ఆధారమే పూటకూళ్ళ ఇల్లు!)

ఈ పెద్దరికం దాదాపు యాభై ఏళ్ళు సాగింది. దాన్ని కదిలించింది ఎవరో తెలిశాక నా కోపం సగం దిగింది. 1960 ఫిబ్రవరిలో అలబామా స్టేట్ కాలేజీకి చెందిన నల్లజాతి విద్యార్థులు మాంట్‌గొమరీ కోర్టు భవనంలోని లంచ్ కౌంటరు దగ్గర, తెల్లవాళ్ళతో సమానంగా తమకీ వడ్డించమని కూర్చున్నారు. తొమ్మిది మందిని కాలేజీ నుంచి వెళ్ళగొట్టారు. వాళ్ళకి నోటీసు లేదు, వాళ్ళ మాట విన్నవాళ్ళు లేరు. పిల్లలు మావాళ్ళు, వాళ్ళతో మాకేం మాట అన్న ధోరణి. ఆ విద్యార్థులు కోర్టుకి వెళ్ళారు. ప్రభుత్వ కాలేజీ నోటీసు ఇవ్వకుండా, విచారణ జరపకుండా ఎవర్నీ వెళ్ళగొట్టరాదని 1961లో 'డిక్సన్' కేసులో ఫెడరల్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. అంటే కాలేజీ ముందు విద్యార్థి పిల్లవాడు కాదు, హక్కులున్న పౌరుడు.

మిగతాది త్వరగానే జరిగింది. పద్దెనిమిదేళ్ళ వాణ్ణి వియత్నాం పంపుతూ ఓటు మాత్రం ఇరవై ఒకటికే అనడమేమిటన్న వాదన గెలిచి, 1971లో 26వ రాజ్యాంగ సవరణ వచ్చింది. 1974 ఆగస్టులో ప్రెసిడెంటు ఫోర్డు సంతకంతో 'ఫెర్పా' అనే విద్యా రికార్డుల చట్టం వచ్చింది. దాన్ని తెచ్చిన సెనేటరు జేమ్స్ బక్లీ ఉద్దేశం బడి కాగితాలు చూసే హక్కు తల్లిదండ్రులకి ఇవ్వాలనే! కానీ బిడ్డకి పద్దెనిమిది నిండినా, కాలేజీలో చేరినా ఆ హక్కు బిడ్డకే పోతుంది. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. పన్ను లెక్కల్లో పిల్లవాణ్ణి మనమీద ఆధారపడినవాడిగా చూపితే కాలేజీ మనకి చెప్పవచ్చు, చెప్పితీరాలని మాత్రం లేదు. ఆరోగ్యానికో, ప్రాణానికో ముప్పు వచ్చినప్పుడు చెప్పవచ్చు. ఇరవై ఒకటి నిండనివాళ్ళు మద్యం, మాదకద్రవ్యాల నియమాలు మీరితే చెప్పవచ్చని 1998లో చేర్చారు. పిల్లవాడే సంతకం చేసి అనుమతి ఇస్తే ఇబ్బందే లేదు.

డబ్బు దగ్గర మాత్రం చట్టం మనల్ని మరిచిపోలేదు. మనవాళ్ళకి ఈ దేశం తలుపు తీసిన ఇమిగ్రేషన్ చట్టం మీద ప్రెసిడెంటు జాన్సన్ 1965 అక్టోబరు 3న సంతకం చేశాడు. ఆరు వారాలు తిరక్కుండా నవంబరు 8న, టెక్సాస్‌లో తాను చదువుకున్న కాలేజీలోనే ఉన్నత విద్యా చట్టం మీద సంతకం చేశాడు. ఇవాళ్టి ఫెడరల్ విద్యా రుణాలకి పునాది అదే. 1980లో తల్లిదండ్రుల పేరనే అప్పు తీసుకునే ఏర్పాటూ చేశారు. సహాయం లెక్కకి మన జీతం కావాలి, అప్పుకి మన సంతకం కావాలి. మార్కులు మాత్రం వాడివి.

ఇంతా చదివాక, మా నాన్నగారికి నా మార్కులు ఎవరు చెప్పారని ఆలోచించాను. ఎవరూ చెప్పలేదు. ఆయన మా కాలేజీ గుమ్మం తొక్కింది చేర్పించిన రోజు ఒక్కసారే. నెలనెలా మనియార్డరు వచ్చేది. దాని కింద నాలుగు మాటలు రాసే చోట "ఆరోగ్యం జాగ్రత్త. ఇక్కడ అంతా క్షేమం" అని ఉండేది. మొదటి సంవత్సరం నాకు లెక్కల పేపరు పోయింది. రెండు నెలలు దాచాను. సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు, పెరట్లో గేదెకి గడ్డి వేస్తున్న ఆయన వెనక నిలబడి చెప్పేశాను. ఆయన తల తిప్పకుండా, "మళ్ళీ రాయడానికి ఫీజెంత?" అని అడిగారు. అంతే.

ఈ సంగతి మా అబ్బాయికి ఎప్పుడూ చెప్పలేదు. వాడి దృష్టిలో నేను లెక్కల్లో ఎప్పుడూ తప్పనివాణ్ణి. యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కి, చివరికి బోస్టన్ వచ్చి అంతటి శాస్త్రవేత్త అయ్యారని వాడికి చాలాసార్లు చెప్పాను. నా సంగతి మాత్రం మింగేశాను.

కాలేజీకి తిరిగి వెళ్ళే ముందురోజు రాత్రి, వంటింట్లో వాడు పెరుగన్నం తింటుంటే చెప్పాను. వాడు తినడం ఆపి నావైపు చూశాడు. కాసేపటికి, కాలిక్యులస్ పోయిందనీ, కెమిస్ట్రీ మధ్యలో వదిలేశాననీ, అక్టోబరు నుంచి క్లాసులకి సరిగా వెళ్ళలేదనీ చెప్పాడు. పొద్దున్నే లేవబుద్ధి కావడంలేదని కూడా చెప్పాడు. అది మార్కుల కంటే పెద్ద విషయమని మా ఆవిడకి వెంటనే తోచింది. వెళ్ళిన వారంలోనే కాలేజీలో కౌన్సిలరుని కలిసేటట్టు వాడిచేతే ఆ రాత్రి అపాయింటుమెంటు తీయించింది. నేను వేసవిలో మళ్ళీ కాలిక్యులస్ తీసుకుంటే ఫీజెంతని అడిగాను.

అనుమతి పత్రం మీద సంతకం అడగమని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. నేను ఇంకా అడగలేదు. ఆదివారం ఆదివారం వాడే ఫోను చేస్తున్నాడు.