రోడ్డు కింది రేకు గొట్టం: బరువు మోసేది ఎవరు?

చరిత్ర అంటే మనకు కోటలు, గుళ్ళు, యుద్ధాలు గుర్తొస్తాయి. రోడ్డు కింద ఎవరికీ కనపడకుండా పడి ఉండే ఒక గొట్టానికి కూడా చరిత్ర ఉంటుందని అనుకోము. కానీ ఉంది. సుమారు 130 ఏళ్ళ చరిత్ర.

వాన నీళ్ళు రోడ్డును తెంచకుండా అవతలికి పోవాలంటే రోడ్డు కింద దారి వదలాలి. దాన్నే కల్వర్టు అంటారు. మా బళ్ళారి వైపు పెద్దవాళ్ళు కొందరు తూము అంటారు, కొందరు మోరీ అంటారు. మన దేశంలో రోడ్డు ఇంజనీర్ల లెక్క ప్రకారం 6 మీటర్ల లోపు ఉంటే కల్వర్టు, అది దాటితే వంతెన. రాతితో కట్టినవి, సిమెంటు గొట్టాలు వేసినవి అందరం చూసే ఉంటాం. నేను రాస్తున్నది ఇనుప రేకుతో చేసిన గొట్టాల గురించి. రేకు మందం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండకపోవచ్చు. దాని మీద మట్టి కప్పుతారు. ఆ మట్టి మీద టిప్పర్లు, రోలర్లు, ఎక్స్‌కవేటర్లు పోతా ఉంటాయి. అంత పల్చని రేకు అంత బరువును ఎలా మోస్తుంది? ఈ ఒక్క ప్రశ్నకు సరైన జవాబు దొరకడానికి ఇంజనీర్లకు 60 ఏళ్ళు దాటింది. సండూరు గనుల ఖనిజం లారీలు తిరిగే దారుల పక్కన ఉండే మనకు ఆ జవాబు తెలియడం అవసరం.

ముడతల రేకు పుట్టుక

ఒక కాగితాన్ని రెండు పుస్తకాల మధ్య వంతెనలాగా పెట్టి, దాని మీద రబ్బరు పెట్టండి. కాగితం వంగిపోతుంది. అదే కాగితాన్ని విసనకర్రలాగా మడతలు పెట్టి మళ్ళీ పెట్టండి. ఇప్పుడు రబ్బరుతో పాటు పెన్నును కూడా మోస్తుంది. కాగితం మారలేదు, మడతల వల్ల బలం పెరిగింది.

ఈ కిటుకును ఇనుప రేకులో వాడి 1829లో లండన్‌లో హెన్రీ రాబిన్సన్ పామర్ అనే ఇంజనీరు పేటెంట్ తీసుకున్నాడు. ఆయన ఓడల డాకుల కంపెనీలో పనిచేసేవాడు. 1837లో ఫ్రాన్స్‌లో స్టానిస్లాస్ సొరెల్ ఇనుము మీద జింకు పూత పూసే పద్ధతికి పేటెంట్ పొందాడు. దాంతో తుప్పు పట్టడం తగ్గింది. మన ఇళ్ళ మీద, కొట్టాల మీద వేసే రేకులు ఈ రెండు తెలివితేటలు కలిసి వచ్చినవే.

1896లో అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని క్రాఫర్డ్స్‌విల్ అనే పట్టణంలో ఆ రేకును గుండ్రంగా చుట్టి గొట్టం చేశారు. చేసినవాళ్ళు ఇద్దరు. ఒకాయన పట్టణ ఇంజనీరు స్టాన్లీ సింప్సన్, ఇంకొకాయన రేకుల పనివాడు జేమ్స్ వాట్సన్. ఆ ఏడాదే పేటెంట్ కూడా వచ్చింది. రాతి కల్వర్టు కట్టాలంటే రాయి కావాలి, మేస్త్రీ కావాలి, చాలా రోజులు పడుతుంది. రేకు గొట్టమైతే బండి మీద తెచ్చి, గుంటలో దించి, మట్టి పూడ్చొచ్చు. అందుకే అది త్వరగా వ్యాపించింది. కానీ ఎందుకు నిలబడుతుందో చెప్పే లెక్క అప్పటికి ఎవరి దగ్గరా లేదు.

అయోవా పొలాల్లో మొదలైన లెక్క

లెక్క మొదలైంది ఇంకో రకం గొట్టాలతో. అమెరికాలోనే అయోవా రాష్ట్రంలో చాలా పొలాలు నీళ్ళు నిలిచే నేలలు. ఆ నీళ్ళు తీయడానికి రైతులు భూమిలో కాల్చిన మట్టి గొట్టాలు పూడ్చేవాళ్ళు. అవి లోపలే పగిలిపోయేవి. డబ్బూ పోయేది, పంటా పోయేది. అయోవా స్టేట్ కాలేజీలో ఆచార్యుడు ఆన్సన్ మార్స్టన్ ఈ సమస్యను పట్టుకున్నాడు. గొట్టం మీద నిజంగా ఎంత బరువు పడుతుందో తూచి చూశాడు. 1913లో ఆండర్సన్ అనే ఆయనతో కలిసి ఆ ఫలితాలను పుస్తకంగా వేశాడు.

మార్స్టన్ చెప్పింది ఇది. గాడిలో పూడ్చిన మట్టి నెమ్మదిగా కిందికి దిగుతుంది. దిగేటప్పుడు గాడి పక్క గోడలు రాపిడితో దాన్ని కొంచెం పట్టుకుంటాయి. అందుకే పైన ఉన్న మట్టి బరువంతా గొట్టం మీద పడదు. జర్మనీలో యాన్సెన్ అనే ఇంజనీరు 1895లోనే ధాన్యం గాదెలకు ఇలాంటి లెక్క కట్టాడు. గాదెలో ధాన్యం బరువు కొంత గోడలు మోస్తాయి, మిగతాదే అడుగు మీద పడుతుంది. మార్స్టన్ లెక్కలో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. గాడి వెడల్పు పెంచితే గొట్టం మీద బరువు పెరుగుతుంది. పని సులువని గాడిని వెడల్పుగా తవ్వితే గొట్టానికే చేటు.

వంగే గొట్టం, వంగని గొట్టం

మట్టి గొట్టం, సిమెంటు గొట్టం వంగవు, పగులుతాయి. రేకు గొట్టం కొంచెం వంగుతుంది. వంగడం బలహీనత అని మనకు అనిపిస్తుంది. ఇక్కడ అదే దాని బలం.

ఊరేగింపులో దేవుడి పల్లకిని నలుగురు మోస్తా ఉంటారు కదా. అందులో ఒకాయన భుజం కొంచెం దించితే బరువు పక్కవాళ్ళ మీదికి పోతుంది. రేకు గొట్టం కూడా అంతే. పైభాగం కొంచెం దిగగానే దాని మీది బరువులో కొంత పక్కనున్న మట్టి మీదికి మారుతుంది. 1920లలో ఇల్లినాయిస్ రాష్ట్రంలోని ఫరీనా దగ్గర అమెరికా రైల్వే ఇంజనీర్ల సంఘం దీన్ని కొలిచింది. 35 అడుగుల ఎత్తు కట్ట కింద గొట్టాలు వేసి, మట్టి ఒత్తిడిని కొలిచే పరికరాలు పెట్టింది. రేకు గొట్టం మీద పడింది పైన ఉన్న మట్టి బరువులో 60 శాతమే. మిగతా 40 శాతం పక్క మట్టి మోసింది.

మార్స్టన్ శిష్యుడు మెర్లిన్ స్పాంగ్లర్ ఈ పనిని ముందుకు తీసుకుపోయాడు. 1926లో ఆయన, ఆయన తోటివాళ్ళు కల్వర్టుల మీద లారీ చక్రాల బరువు ఎంత దిగుతుందో పరీక్షించి ప్రచురించారు. 1941లో స్పాంగ్లర్ రేకు గొట్టాలకు ఒక సూత్రం ఇచ్చాడు. దాని సారం చాలా సులువు. పైనుంచి నొక్కితే గొట్టం పక్కలకు ఉబ్బాలి. ఉబ్బాలంటే పక్క మట్టిని నెట్టాలి. ఆ మట్టి గట్టిగా ఉంటే నెట్టనివ్వదు. కాబట్టి గొట్టాన్ని కాపాడేవి రెండు: రేకు బిగువు ఒకటి, పక్క మట్టి బిగువు ఇంకొకటి.

ఈ రెండింటిలో ఎవరి వంతు ఎక్కువ? 1.2 మీటర్ల వ్యాసం, 1.6 మిల్లీమీటర్ల మందం ఉన్న మామూలు ముడతల గొట్టానికి, బాగా దట్టించిన మట్టికి ఆ సూత్రంలో లెక్క వేస్తే మట్టి వంతు రేకు వంతు కంటే పది రెట్లకు పైనే వస్తుంది. 1958లో రెనాల్డ్ వాట్కిన్స్, స్పాంగ్లర్ కలిసి ఈ సూత్రాన్ని సరిదిద్దారు. 1960లో వైట్, లేయర్ అనే ఇద్దరు ఇంకో మాట చెప్పారు. మట్టి సరిగ్గా దట్టించి, పైన తగినంత కప్పితే గొట్టం వంగదు, చుట్టూ సమానంగా బిగుసుకుంటుంది. అప్పుడు రేకు గోడలో పుట్టే నొక్కుడు బలం ఎంతో చెప్పడం తేలిక. పై ఒత్తిడిని వ్యాసంలో సగంతో గుణిస్తే చాలు. చదరపు మీటరుకు 10 టన్నుల ఒత్తిడి, 2 మీటర్ల వ్యాసం ఉంటే, గొట్టం పొడవులో ప్రతి మీటరుకూ గోడలో 10 టన్నులు. మన ప్రశ్నకు జవాబు అక్కడికి పూర్తయింది. గొట్టం, మట్టి కలిసి మోస్తాయి.

ఎంత లోతు పూడ్చాలి?

పెద్ద బండి వస్తే ఏమవుతుంది? ఫ్రాన్స్ శాస్త్రవేత్త బుసినెస్క్ 1885లో ఒక సూత్రం ఇచ్చాడు. నేల మీద ఒక చోట పెట్టిన బరువు లోపలికి పోయేకొద్దీ ఎలా విస్తరిస్తుందో అది చెబుతుంది. లోతు రెట్టింపైతే చక్రం ఒత్తిడి నాలుగో వంతుకు తగ్గుతుంది. కానీ లోతు పెరిగితే మట్టి సొంత బరువు పెరుగుతుంది. ఈ రెండూ కలిపి నేను లెక్క వేశాను. చక్రం మీద 10 టన్నులు, ఘనపు మీటరు మట్టికి 1.8 టన్నులు అనుకున్నాను. చదరపు మీటరుకు వచ్చిన ఒత్తిడి ఇలా ఉంది:

అర మీటరు లోతులో: చక్రం 19.1, మట్టి 0.9, మొత్తం 20 టన్నులు.
1 మీటరు లోతులో: చక్రం 4.8, మట్టి 1.8, మొత్తం 6.6 టన్నులు.
2 మీటర్ల లోతులో: చక్రం 1.2, మట్టి 3.6, మొత్తం 4.8 టన్నులు.
4 మీటర్ల లోతులో: చక్రం 0.3, మట్టి 7.2, మొత్తం 7.5 టన్నులు.

ఈ సూత్రం చక్రాన్ని ఒక చుక్కలాగా తీసుకుంటుంది కాబట్టి తక్కువ లోతులో అంకెలు ఉజ్జాయింపుగానే చూడాలి. అయినా సంగతి తెలిసిపోతుంది. మట్టి మరీ తక్కువైతే చక్రం చంపుతుంది, మరీ ఎక్కువైతే మట్టే చంపుతుంది. మధ్యలో ఒక మంచి లోతు ఉంది. దీనికి తోడు కదిలే బండి గుద్దుడు కూడా ఉంటుంది. అమెరికా పాత నియమాల్లో అడుగు లోపు మట్టి ఉంటే దానికి 30 శాతం అదనంగా కలిపేవాళ్ళు. 3 అడుగులు ఉంటే ఏమీ కలపనక్కర లేదు.

ఇప్పుడు గనుల బండ్లను చూద్దాం. ప్రపంచంలోని చాలా పెద్ద గని లారీల్లో ఒకటైన క్యాటర్‌పిల్లర్ 797ఎఫ్ నిండు బరువు సుమారు 623 టన్నులు. దానికి ఆరు టైర్లు. అంటే ఒక్కో టైరు మీద సగటున 100 టన్నుల పైనే. 10 టన్నుల చక్రం 1 మీటరు లోతులో కలిగించే ఒత్తిడి, 100 టన్నుల చక్రానికి 3 మీటర్లు దాటాక గాని రాదు. గనుల దారుల్లో కల్వర్టు లెక్క వేరుగా వేయాల్సింది ఇందుకే.

అసలు ప్రమాదం ఎప్పుడు?

రోడ్డు తయారయ్యాక కంటే తయారయ్యేటప్పుడే గొట్టానికి ప్రమాదం ఎక్కువ. అప్పుడు పైన మట్టి తక్కువ, తిరిగే యంత్రాలు పెద్దవి. అమెరికా ఉక్కు గొట్టాల చేతిపుస్తకాల్లో మామూలు రోడ్డు బండ్లకు ఒక అడుగు మట్టి చాలని ఉన్న 4 నుంచి 6 అడుగుల వ్యాసం గొట్టానికే, పని జరిగేటప్పుడు 23 టన్నుల ఇరుసు దాటాలంటే 3 అడుగులు, 50 నుంచి 68 టన్నుల ఇరుసుకైతే 4 అడుగులు ఉండాలని ఉంది.

రెండేళ్ళ కింద మా ఊరి దారిలో పని జరుగుతా ఉంటే వాగు మీద తాత్కాలికంగా ఇనుప గొట్టం వేశారు. పైన జానెడు మట్టి కూడా లేదు. దాని మీదుగా ఎక్స్‌కవేటరును దాటించారు. గొట్టం అప్పడంలాగా అణిగిపోయింది. ఆ వారమే వాన వచ్చింది. నీళ్ళు పోయే దారి లేక రోడ్డు మీదికి ఎక్కి మట్టిని కోసేశాయి. తొమ్మిది రోజులు బడి బస్సు రాలేదు. చిన్న తరగతుల పిల్లలు బడి మానేశారు. ఒక బాలింతను ఆసుపత్రికి మంచం మీద మోసుకుని వాగు దాటించారు. ఇంకో రెండడుగుల మట్టి ముందే వేసి ఉంటే ఇవేవీ జరిగేవి కావు.

మట్టి వేయడంలోనూ పద్ధతి ఉంది. ఒకేసారి కుప్ప పోయకూడదు. 6 నుంచి 8 అంగుళాల పొరలుగా, గొట్టానికి రెండు పక్కలా సమానంగా వేసి, ప్రతి పొరనూ దిమ్మిస కొట్టాలి. ఒక పక్కే పోస్తే గొట్టం పక్కకు జరుగుతుంది, ఆకారం చెడుతుంది. మట్టి మరీ పొడిగా ఉన్నా, మరీ తడిగా ఉన్నా గట్టిపడదు. లాస్ ఏంజెలెస్‌లో ఆనకట్టల పని చేసిన రాల్ఫ్ ప్రాక్టర్ 1933లో సరైన తడిని కనుక్కునే పరీక్షను ప్రచురించాడు. ఇప్పటికీ ఆ పరీక్ష ఆయన పేరుతోనే జరుగుతుంది.

చివరి మాట

ఈ చరిత్రలో పామర్, మార్స్టన్, స్పాంగ్లర్ లాంటి పేర్లు నిలిచాయి. నిలవాల్సిందే. కానీ స్పాంగ్లర్ సూత్రాన్ని ఇంకోసారి చూడండి. అందులో పెద్ద వంతు పక్క మట్టిది. ఆ మట్టిని గట్టి చేసేది ఎండలో దిమ్మిస పట్టుకున్న కూలీలు. మా నాన్న, చిన్నాన్న ఆ పని చేసినవాళ్ళే. వాళ్ళు పొర పొరకూ కొట్టిన దెబ్బలే గొట్టానికి బలం. తొందరపెట్టి వాళ్ళ చేత రెండు పొరలు ఒకటిగా పోయిస్తే, ఎంత ఖరీదైన గొట్టమైనా నిలవదు.

కాబట్టి మన ఊళ్ళో కల్వర్టు పని జరిగితే పెద్దలతో కలిసి మూడు సంగతులు అడుగుదాం. గొట్టం మీద మట్టి ఎంత మందం వేస్తున్నారు? రెండు పక్కలా పొరలుగా దిమ్మిస కొట్టారా? పెద్ద యంత్రాలు ఎక్కడ దాటాలో గుర్తు పెట్టారా? మట్టి కప్పాక గొట్టం కనపడదు. అడగాల్సింది కప్పకముందే.